పెద్ద హారన్‌కు పాత బేస్ డ్రైవర్: వాదన ఎక్కడ చిక్కుపడింది

1930ల నుంచి 1960ల దాకా సినిమా హాళ్లలో తెర వెనక నిలబడి బేస్ మోసిన స్పీకర్లు ఇవాళ కొందరి ఇళ్లలో కొలువుతీరాయి. పదిహేను, పద్దెనిమిది అంగుళాల కాగితపు కోన్, దాని వెనక బరువైన అయస్కాంతం, ముందు చెక్క హారన్. జపాన్‌లో, ఫ్రాన్స్‌లో, అమెరికాలో వీటిని వెతికి కొని, బాగుచేయించి, కొద్ది వాట్ల వాల్వ్ యాంప్లిఫయర్లతో వినే శ్రోతలు దశాబ్దాలుగా ఉన్నారు. ఆ డ్రైవర్లలో ఉన్న జీవం మళ్లీ ఎవరూ తేలేకపోయారని వాళ్లంటారు. ఆ పని నేటి డ్రైవర్ అంతకంటే బాగా చేస్తుందనీ, కావాలంటే లెక్క చూసుకోమనీ రెండో పక్షం అంటుంది.

ఈ వాదన తెగకపోవడానికి కారణం ఉంది. మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే ప్రశ్నగా అడుగుతున్నారు. పాత డ్రైవర్ల రూపకల్పన గొప్పదా? అందులో వాడిన పదార్థాలు గొప్పవా? ఏళ్లు గడవడం వల్లనే వాటికి ఏదైనా గుణం వచ్చిందా? దీనికి తోడు, బేస్ అన్నప్పుడు ఒకరి మనసులో 40 హెర్ట్జ్ ఉంటే ఇంకొకరి మనసులో 150 హెర్ట్జ్ ఉంటుంది. ఈ నాలుగు పోగులూ విడదీస్తే సగం తగాదా దానంతటదే సర్దుకుంటుంది. మిగతా సగం మాత్రం నిజమైన తగాదాయే.

వాట్లు కరువైన కాలం

నేటికీ ఇంటింటా ఉన్న కోన్ స్పీకర్‌కు 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ రూపమిచ్చారు. అది గదికి సరిపోయింది, సినిమా హాలుకు సరిపోలేదు. అప్పటి యాంప్లిఫయర్లు ఇచ్చేది కొద్ది వాట్లే. ఆ కొద్ది శక్తితో వందలాది మందికి వినిపించాలంటే హారన్ తప్ప దారి లేదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి 555 రిసీవర్ 1926లో ఆ దారినే వచ్చింది. తొలి టాకీల మాటనూ పాటనూ ఒంటరిగా మోసింది. లోతైన బేస్ మాత్రం దానికి అందలేదు.

మలుపు 1933లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో ఆర్కెస్ట్రా వాయిస్తుండగా, ఆ సంగీతాన్ని బెల్ ల్యాబ్స్ టెలిఫోన్ తీగల మీద మూడు చానళ్లుగా వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు పంపింది. ఆర్కెస్ట్రా సారథి లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ వాషింగ్టన్‌లోనే కూర్చుని శబ్దాన్ని అదుపు చేశాడు. ఆ ప్రదర్శన కోసం బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు వెంటే, థురాస్ చేసిన బేస్ హారన్‌లో 20 అంగుళాల లోహపు డయాఫ్రం ఉంది. బేస్‌కు ఒక పెద్ద హారన్, పై స్వరాలకు వేరే హారన్ అనే విభజన అక్కడ స్థిరపడింది.

దాన్ని హాళ్లకు తెచ్చినవాళ్లు ఎంజీఎం స్టూడియోవాళ్లు. డగ్లస్ షియరర్ ఆధ్వర్యంలో జాన్ హిల్లియార్డ్, జేమ్స్ బి. లాన్సింగ్ తదితరులు చేసిన 'షియరర్ హారన్'కు 1936 సంవత్సరానికి అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. మడత పెట్టిన బేస్ హారన్లు, వాటిలో నాలుగు 15 అంగుళాల డ్రైవర్లు. దాని వెనక ఒక ఆచరణాత్మక సమస్య ఉంది. అంతకుముందరి వ్యవస్థలో బేస్ హారన్ పొడవు ఎక్కువ కావడంతో టాప్ డాన్స్ అడుగు చప్పుడు రెండుసార్లు వినిపించేదని చెబుతారు. శబ్దం రెండున్నర మీటర్లు అదనంగా నడిస్తే సుమారు 7 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. చిటికె లాంటి చప్పుడు చీలిపోవడానికి అది చాలు. హారన్ ఎంత పొడవుంటే అంత లోతు, కానీ అంత ఆలస్యం. ఈ బేరం నేటి ఇంటి హారన్లనూ వదల్లేదు.

ఆల్టెక్ సంస్థ 1941లో లాన్సింగ్ కంపెనీని కొని ఆల్టెక్ లాన్సింగ్ అయింది. యుద్ధం ముగిసిన 1945లో 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' వరుసను తెచ్చింది. అందులోని 515 డ్రైవర్ ఈ వాదన మొత్తానికీ కేంద్రం. 15 అంగుళాల తేలికైన కోన్, 3 అంగుళాల వాయిస్ కాయిల్, ఆల్నికో అయస్కాంతం. లాన్సింగ్ 1946లో బయటికొచ్చి సొంత సంస్థ పెట్టి, 1949లో కన్నుమూశాడు. ఆ సంస్థే జేబీఎల్. 4 అంగుళాల కాయిల్‌తో వచ్చిన దాని డి130, ఆ తర్వాత 1954 నాటి హార్ట్స్‌ఫీల్డ్‌లో కూర్చున్న 150-4సి, 515కు పోటీగా నిలిచాయి.

అదే సమయంలో ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్లో పాల్ క్లిప్ష్ పెద్ద హారన్‌ను ఇంటి మూలకు తెచ్చాడు. ఇంగ్లండ్‌లో వైటావాక్స్ ఆయన నమూనానే సీఎన్191గా చేసింది. టానాయ్ తన 15 అంగుళాల డ్యూయల్ కాన్సెంట్రిక్‌ను ఆటోగ్రాఫ్ హారన్ పెట్టెలో పెట్టింది.

ఆ తర్వాత అవసరమే తప్పుకుంది. 1954లో ఎడ్గర్ విల్చర్ మూసిన చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీసి చూపించాడు. శక్తి ఎక్కువ తింటుందన్నది నిజమే, కానీ ట్రాన్సిస్టర్లు వచ్చాక వాట్లు చవకయ్యాయి. ఇంట్లో హారన్ విలాసంగా మిగిలింది. హాళ్లు పాత డ్రైవర్లను దించేశాక అవి సేకర్తల చేతికి వచ్చాయి.

హారన్ ఎంత పెద్దదైతే బేస్ హారన్ అవుతుంది

ఊళ్లో జాతరకు చెట్టుకు కట్టే రేకు హారన్‌ను గుర్తు తెచ్చుకోండి. మాట పొలిమేర దాకా స్పష్టంగా వినిపిస్తుంది. అదే హారన్‌లో డోలు దెబ్బకు బరువుండదు. నోరు చిన్నది కావడమే కారణం. హారన్ నోటి చుట్టుకొలత అది పలికే అత్యల్ప స్వరపు తరంగ దైర్ఘ్యమంత ఉండాలన్నది పాత నియమం. 40 హెర్ట్జ్ వద్ద ఆ దైర్ఘ్యం సుమారు 8.6 మీటర్లు. బహిరంగంలో అయితే నోటి వైశాల్యం దాదాపు 5.9 చదరపు మీటర్లు కావాలి. హారన్ గొంతు 500 చదరపు సెంటీమీటర్లనుకుంటే, ఎక్స్‌పొనెన్షియల్ వంపుతో పొడవు 3 మీటర్లు దాటుతుంది.

దాన్ని గది మూలలో పెడితే లెక్క మారుతుంది. నేల, రెండు గోడలు కలిసి హారన్‌కు కొనసాగింపు అవుతాయి. నోరు ఎనిమిదో వంతుకు, అంటే 0.74 చదరపు మీటర్లకు తగ్గుతుంది. పొడవు 2 మీటర్ల లోపు వస్తుంది. క్లిప్ష్ గొప్పతనం ఇక్కడుంది. ఆయన ఇంటి గోడలనే హారన్‌లో భాగం చేశాడు.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని ప్రసిద్ధమైన పాత పెట్టెల్ని చూడాలి. ఆల్టెక్ ఏ-7లోనూ ఏ-5లోనూ వాడిన 825 పెట్టె ముందు భాగం పొట్టి హారన్. సుమారు 100 హెర్ట్జ్ దిగువన దాని పట్టు సడలుతుంది. ఆ కింద పలికేది పెట్టె అడుగునున్న రిఫ్లెక్స్ రంధ్రం. అంటే 515ను పొగిడే చాలామంది శ్రోతలు నిజానికి పొగుడుతున్నది 100 నుంచి 500 హెర్ట్జ్ మధ్య దాని పనితనాన్ని. సెల్లో బొంగురు, మృదంగం కుడి ఎడమల దెబ్బ, మగ గొంతులోని ఛాతీ నాదం, అన్నీ అక్కడే ఉంటాయి. ఆ పొగడ్త నూటికి నూరుపాళ్లు న్యాయం. దాన్ని 35 హెర్ట్జ్ బేస్ గురించి చెప్పిన మాటగా వాడుకోవడం మాత్రం అన్యాయం.

సున్నితత్వం సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఇచ్చిన విద్యుత్తులో ఒక్క శాతాన్ని శబ్దంగా మార్చే స్పీకర్, ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో సుమారు 92 డెసిబెల్‌లు ఇస్తుంది. సాధారణ ఇంటి స్పీకర్లు దానికీ దిగువన 87 దగ్గర ఉంటాయి. మంచి హారన్ 102ను దాటుతుంది. ఆ 15 డెసిబెల్‌ల తేడా శక్తిలో ముప్ఫై రెట్లకు పైనే. వెస్టర్న్ ఎలక్ట్రిక్ 300బి వాల్వ్ ఒక్కటే ఇచ్చే 8 వాట్లు హారన్ మీద చేసే పని, మామూలు స్పీకర్ మీద 250 వాట్లు చేయాలి. 300బి ప్రియులూ హారన్ ప్రియులూ ఒకే మనుషులు కావడానికి కారణం ఈ లెక్కే.

అసలు సరుకే కావాలనేవారు

ఈ వర్గం బలంగా వేళ్లూనుకున్నది జపాన్‌లో. అమెరికన్ హాళ్లు వదిలేసిన వెస్టర్న్ ఎలక్ట్రిక్, ఆల్టెక్ సామగ్రి పెద్ద మొత్తంలో అక్కడికి చేరింది. ఫ్రాన్స్‌లో జాన్ హిరాగా రాతలు, 'లోదియోఫిల్' పత్రిక ఆ రుచిని యూరప్‌కు పాకించాయి. వీరి దృష్టిలో మెట్ల వరుస ఇలా ఉంటుంది: అన్నిటికన్నా పైన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కోసం జెన్సెన్ చేసిన 18 అంగుళాల 4181, తర్వాత లాన్సింగ్ ఫీల్డ్ కాయిల్ డ్రైవర్లు, తర్వాత తొలినాటి 515.

వీరి వాదనలో గట్టి భాగం కోన్ గురించి. నాటి కోన్ తేలికైన కాగితం, అంచు కూడా అదే కాగితపు మడతలు. కదలిక కొద్ది మిల్లీమీటర్లే, హారన్‌కు అంతకంటే అక్కర్లేదు. తక్కువ కదలిక కోసం చేసిన కోన్ చిన్న చిన్న స్వర భేదాల్ని మింగకుండా పలుకుతుందని వీరు నమ్ముతారు. పెద్ద కదలిక కోసం మందపాటి రబ్బరు అంచు, బరువైన కోన్ పెట్టిన నేటి ఇంటి సబ్‌వూఫర్‌తో పోల్చినప్పుడు ఈ మాటలో నిజముంది. పోలిక అక్కడే ఆగిపోవడం దీని బలహీనత. హారన్ కోసమే చేసిన నేటి ప్రొఫెషనల్ డ్రైవర్లకు కూడా కాగితపు కోన్, బట్ట మడతల అంచు, పొట్టి కదలికే ఉంటాయి. 4181ను జపాన్‌కు చెందిన జీఐపీ లాబొరేటరీ తిరిగి తయారు చేయడాన్ని బట్టి చూస్తే, ఈ వర్గంలోనే కొందరు గొప్పదనం రూపకల్పనలో ఉందనీ, వయసులో లేదనీ ఒప్పుకున్నట్టే.

లెక్కల వారు

1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల తొలి ఏళ్లలో రిచర్డ్ స్మాల్, డ్రైవర్‌ను కొన్ని సంఖ్యల్లో వర్ణించే పద్ధతి ఇచ్చారు. 1977లో డాన్ కీల్ ఆ సంఖ్యల్ని బేస్ హారన్‌కు అన్వయించాడు. మార్షల్ లీచ్ 1979లో దాన్ని మరో కోణంలో పూర్తిచేశాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ మెక్‌బీన్ ఉచితంగా అందిస్తున్న హార్న్‌రెస్ప్ ప్రోగ్రాంలో ఎవరైనా ఇంట్లో కూర్చుని ఈ లెక్క వేసుకోవచ్చు.

కీల్ చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఒకటి. డ్రైవర్ సహజ కంపన సంఖ్యను రెట్టింపు చేసి, దాని విద్యుత్ క్యూ విలువతో భాగిస్తే వచ్చే స్వరం దగ్గర కోన్ బరువు హారన్‌ను ఓడించడం మొదలుపెడుతుంది. ఉదాహరణకు సహజ సంఖ్య 20 హెర్ట్జ్, క్యూ 0.5 ఉన్న ఇంటి సబ్‌వూఫర్ తీసుకుందాం. ఆ హద్దు 80 హెర్ట్జ్. హారన్‌లో అది మొద్దుబారిపోతుంది. సహజ సంఖ్య 40, క్యూ 0.25 అయితే హద్దు 320. అదే హారన్‌లో ఈ రెండో డ్రైవర్ హాయిగా పాడుతుంది. తేలికైన కోన్, బలమైన అయస్కాంతం కావాలని దీని సారాంశం. 515ను తీర్చిదిద్దినవాళ్లు ఈ సమీకరణం పుట్టకముందే చేతి అనుభవంతో అక్కడికి చేరారు. అందుకే లెక్కల వారు పాత డ్రైవర్లను కొట్టిపారేయడం లేదు. ఆ గుణాలు ఇవాళ కూడా దొరుకుతున్నాయని మాత్రమే అంటున్నారు.

ఈ వర్గం తరచు చేసే తప్పు, ఆ హద్దును గోడగా చూడటం. అది వాలు మాత్రమే. ఆ పైన కూడా హారన్ శబ్దాన్ని ఇరుకైన కోణంలోకి కూర్చి పంపుతుంది కాబట్టి ఎదురుగా కూర్చున్న శ్రోతకు కొంత నష్టం భర్తీ అవుతుంది. హద్దు దాటాక కూడా పాత వూఫర్లు 500 హెర్ట్జ్ దాకా పనికొచ్చాయంటే కారణం అదే.

ఇంకో చిక్కు వెనక గదిది. హారన్ అడుగు స్వరాల వద్ద గాలి బరువులా డ్రైవర్‌ను లాగుతుంది. మూసిన వెనక పెట్టెలోని గాలి స్ప్రింగులా దాన్ని రద్దు చేయాలి. క్లిప్ష్ వాడిన కిటుకు అది. దీనికి డ్రైవర్ సస్పెన్షన్ మెత్తగా ఉండాలి. బిగువైన సస్పెన్షన్ ఉన్న డ్రైవర్‌ను అదే పెట్టెలో పెడితే లోతు తగ్గుతుంది. ఒకే హారన్‌లో రెండు పాత డ్రైవర్లు రెండు రకాలుగా పలికితే అయస్కాంతాన్ని కారణంగా చెప్పేవాళ్లు ముందు ఈ సస్పెన్షన్‌ను కొలవాలి.

అయస్కాంతం తగాదా

భావావేశం ఎక్కువగా ఉన్న చోటు ఇదే. 1930లలో శాశ్వత అయస్కాంతాలు బలహీనం, కాబట్టి డ్రైవర్ వెనక ఇంకో కాయిల్ చుట్టి దానికి విద్యుత్ ఇచ్చేవాళ్లు. అది ఫీల్డ్ కాయిల్. యుద్ధం నాటికి అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆల్నికో బలపడి దాన్ని తోసేసింది. 1977, 1978లలో నాటి జైర్‌లోని షాబా ప్రాంతంలో యుద్ధం రేగడంతో కోబాల్ట్ ధర ఆకాశాన్నంటింది. అమెరికన్ కంపెనీలు ఫెర్రైట్‌కు మారాయి. అంటే ఆల్నికో వెళ్లిపోయింది గనుల కారణంగా. చెవులు ఇచ్చిన తీర్పు వల్ల కాదు. సేకర్తలు పదేపదే ఎత్తిచూపే విషయం ఇది, సరైనదే.

అయితే ఫెర్రైట్ తొలి రోజుల్లో నిజంగా ఒక లోపం తెచ్చింది. వాయిస్ కాయిల్‌లో ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా ఊపుతుంది. ఆల్నికో లోహం కాబట్టి ఆ ఊపును తనలోనే కొంత అణచివేస్తుంది. ఫెర్రైట్ పింగాణీ లాంటిది, అణచదు. ఫలితంగా రెండో హార్మోనిక్ పెరిగింది. జేబీఎల్ అయస్కాంత వ్యవస్థ ఆకారం సవరించి, అల్యూమినియం వలయం పెట్టి ఎస్‌ఎఫ్‌జీ పేరుతో దాన్ని సరిదిద్దింది. నేటి మంచి నియోడిమియం డ్రైవర్లలోనూ అలాంటి వలయాలుంటాయి. కాబట్టి 'ఆల్నికో మేలు' అన్న మాట వలయం లేని ఫెర్రైట్‌తో పోల్చినప్పుడు నిలుస్తుంది. అన్ని ఆధునిక డ్రైవర్లతో పోల్చినప్పుడు నిలవదు. ఫీల్డ్ కాయిల్‌కు మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. దాని విద్యుత్తు పెంచినా తగ్గించినా డ్రైవర్ క్యూ మారిపోతుంది, హారన్‌కు తగినట్టు దిద్దుకోవచ్చు. దాన్ని ఇష్టపడేవాళ్లు చెప్పే అన్ని కారణాల్లో ఇంజనీరింగ్ తూకానికి నిలిచేది ఇదే.

నాలుగు రకాల కొనుగోళ్లు, పక్కపక్కన పెడితే

515 వంశం: 100 నుంచి 500 హెర్ట్జ్ మధ్య పొట్టి హారన్‌లో నేటికీ మొదటి వరుసలోనే. 40 హెర్ట్జ్ ఇంటి హారన్ కోసమే కొనడం డబ్బు వృథా.

జేబీఎల్ డి130, 150-4సి: 4 అంగుళాల కాయిల్ వల్ల వేడి తట్టుకుంటాయి, చురుకైన ధ్వని. డి130ను పూర్తి స్థాయి డ్రైవర్‌గా ఉద్దేశించారు కాబట్టి బేస్ హారన్‌కు 150-4సియే దగ్గర.

18 అంగుళాల ఫీల్డ్ కాయిల్ డ్రైవర్లు: అరుదు. వాటితోపాటు పవర్ సప్లై, పెద్ద హారన్ రెండూ కొనాలి. ధర చరిత్రకు చెల్లిస్తున్నామని తెలిసి కొనేవారికే.

నేటి ప్రొఫెషనల్ 15, 18 అంగుళాలవి: ప్రతి సంఖ్యా అచ్చువేసి వస్తుంది, జత ఒకేలా ఉంటుంది, పోతే మళ్లీ దొరుకుతుంది. 60 హెర్ట్జ్ దిగువన హారన్ కట్టేవాళ్లకు ఇదే సరైన మొదటి మెట్టు. వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో డీజే బండ్ల మీద గుండె అదిరేలా మోగే బేస్ పెట్టెల్లో ఉన్నవీ ఈ జాతివే. అక్కడి వాడకాన్ని బట్టి డ్రైవర్ సంగీత గుణాన్ని కొలవకూడదు.

ఇంకా తేలనివి

మొదటిది వక్రీకరణ వినబడుతుందా అన్నది. ఒకే కోన్ లోతైన స్వరంతో ముందుకూ వెనక్కూ ఊగుతూ పై స్వరాన్ని కూడా పలికితే, ఆ పై స్వరం వణుకుతుంది. హారన్‌లో కోన్ తక్కువ కదులుతుంది కాబట్టి ఈ దోషం తక్కువని క్లిప్ష్ జీవితమంతా వాదించాడు. మామూలు వాడకంలో ఆ వణుకు చెవికి అందదని విల్చర్, రాయ్ అలిసన్ బదులిచ్చారు. కొలతల్లో క్లిప్ష్ గెలిచాడు. వినికిడిలో ఎవరు గెలిచారన్నది ఏ సంగీతం, ఎంత బిగ్గరగా అన్నదాన్ని బట్టి మారుతూనే ఉంది.

రెండోది గది. మూల హారన్ మూలలోనే ఉండాలి, అదే చోటు గదిలోని గాలి కంపనాలన్నిటినీ అత్యధికంగా రెచ్చగొడుతుంది. చిన్న గదిలో 100 హెర్ట్జ్ కింద మనం వినేదాంట్లో గది వాటా డ్రైవర్ వాటాను మించిపోతుంది. రెండిళ్లలో విన్న రెండు డ్రైవర్ల గురించి చెప్పే తీర్పులకు ఈ ఒక్క కారణంతోనే విలువ సగం పోతుంది.

మూడోది హారన్ బేస్, సబ్‌వూఫర్ కలయిక. 100 హెర్ట్జ్ పైన పాత డ్రైవర్, దిగువన శక్తిమంతమైన మామూలు సబ్‌వూఫర్ అనే మధ్యేమార్గాన్ని చాలామంది ఇప్పుడు అనుసరిస్తున్నారు. డిజిటల్ ఆలస్యంతో టాప్ డాన్స్ నాటి సమస్యను సరిదిద్దవచ్చు. ఇల్లు చిన్నదైన ఎవరికైనా ఇదే తెలివైన దారి. హారన్ నుంచి తెరిచిన కోన్‌కు మారే చోట ధ్వని స్వభావం మారుతుందన్న ఫిర్యాదు మాత్రం ఇంకా ఉంది. అది పూర్తిగా ఊహ అని తోసేయడానికి లేదు, ఎందుకంటే శబ్దం విస్తరించే కోణం అక్కడ నిజంగానే మారుతుంది.

నాలుగోది, అన్నిటికన్నా మొండిది, నమూనా సమస్య. డెబ్బై ఏళ్ల డ్రైవర్‌ను కొలిస్తే కొలిచేది ఆ రూపకల్పనను మాత్రమే కాదు. దాని మీద పడిన తేమ, వేడి, దుమ్ము, చెయ్యి మారిన మరమ్మతులు అన్నీ కొలతలోకి వస్తాయి. ఆల్నికో అతి శక్తికి గురైతే కొంత బలం కోల్పోతుంది, తిరిగి అయస్కాంతీకరిస్తే గాని కోలుకోదు. కోన్ మార్చిన 515లో పాతది చట్రం, అయస్కాంతం మాత్రమే. పలికేది కొత్త కాగితం. న్యాయమైన పరీక్ష కావాలంటే ఒకే హారన్, ఒకే గొంతు కొలత, స్థాయి సమం చేసి, స్వరరేఖ సరిదిద్ది, ఏ డ్రైవర్ మోగుతోందో శ్రోతకు తెలియకుండా మార్చాలి. దానికి ముందు ఒకేలా కొలత ఇచ్చే రెండు పాత 515లు, వాటి అసలు కోన్‌లతో, దొరకాలి.